తడబాటుని కూడా టైపు చెయ్యమన్న మాస్టారు

మా టైపు మాస్టారు పోయారని మొన్న శుక్రవారం పొద్దున్న వాళ్ళబ్బాయి అనకాపల్లి నుంచి ఫోన్ చేశాడు. జుమ్మా నమాజు అయ్యాక తీసుకెళ్తామన్నాడు. నేను చోడవరంలో బస్సెక్కి వాళ్ళ వీధికి చేరేసరికి ఇంటి ముందు నా ఈడు ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు. సగంమంది ముఖాలు నాకు తెలియవు. "మీరు ఏ బేచీ?" అని ఒకరినొకరం మెల్లిగా అడుక్కున్నాం. చావింటి దగ్గర అలా బేచీలు చెప్పుకుంటుంటే చూసేవాళ్ళకి వింతగానే ఉండుంటుంది. ఆయన్ని తీసుకెళ్ళేటప్పుడు ఆడవాళ్ళం గేటు దగ్గరే ఆగిపోయి, వీధి మలుపు తిరిగేదాకా చూశాం.

ఆయన పేరు ఇక్కడ రాయను. బతికున్నన్నాళ్ళూ పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు, ఇప్పుడు మాత్రం ఎందుకు. చోడవరంలో బడిపంతుళ్ళు బోలెడుమంది ఉన్నా, మాలో ఎవరైనా "మాస్టారు" అంటే ఆయనే.

కోర్టుకి దగ్గర్లో ఒక మేడ మీద ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. అనకాపల్లి నుంచి రోజూ మొదటి బస్సుకే వచ్చేసేవారు. మెషీన్ల గదికీ ఆయన కూచునే గదికీ మధ్య ఒక పల్చటి చెక్క అడ్డు. ఆ అవతల కళ్ళు మూసుకుని కూచునేవారు. నిద్రపోతున్నారనుకుని మేం కబుర్లలో పడితే, "రత్నం, నీ సిటికెన వేలు బద్ధకిస్తందమ్మా" అని గొంతు వినపడేది. రత్నం రోలుగుంట నుంచి వచ్చేది, నేను వడ్డాది నుంచి. ఇద్దరం పక్కపక్క మెషీన్ల మీద లోయరు, హయ్యరు పరీక్షలు పాసయ్యాం. రంజాను నెలలో మేం కేరేజీలు పట్టుకుని వరండాలోకి జారుకుంటుంటే ఆయనకి కోపమొచ్చేది. "ఉపాసం నాది. మీరెందుకు దొంగల్లాగ తింటన్నారు? లోపల ఫేను కింద కూచుని తినండి" అనేవారు.

సాయంత్రాలు ఆయన దగ్గరకి కోర్టు కాగితాలు టైపు చేయించుకోడానికి జనం వచ్చేవారు. ఒకసారి దేవరాపల్లి వైపు రైతు ఒకాయన గట్టు తగువు చెప్పుకోడానికి వచ్చాడు. మొదలుపెట్టింది గట్టు గురించే. అక్కణ్ణించి చచ్చిపోయిన ఎద్దు మీదకి వెళ్ళాడు, తమ్ముడి పెళ్ళిలో జరిగిన అవమానం మీదకి వెళ్ళాడు, మధ్యలో మాట రాక తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. మాస్టారు ఎక్కడా తొందరపెట్టలేదు. అంతా విని, ఇంగ్లీషులో ఒక చిన్న పేరా టైపు చేసి, దాన్ని తెలుగులో చదివి వినిపించారు. "నేను సెప్పింది అచ్చం ఇదే బాబూ" అన్నాడు రైతు. నిజానికి అతను అందులో ఒక్క ముక్క కూడా అలా చెప్పలేదు. అతను మెట్లు దిగాక మేం నవ్వుతుంటే మాస్టారు, "కోర్టు మెట్లెక్కినోడు అప్పటికే సగం సచ్చుంటాడు. కాయితం మీదైనా ఆణ్ణి నిటారుగా నిలబెట్టాల" అన్నారు. ఆ మాట మేం మనసులో బాగా పెట్టుకున్నాం. కొంప ముంచింది కూడా అదే.

తొంభైలు సగం దాటేసరికి టైపు నేర్చుకునేవాళ్ళు తగ్గిపోయారు. బస్టాండు దగ్గర కంప్యూటర్ సెంటరు వెలిసింది. పిల్లలంతా అటు పోతున్నారు. సరిగ్గా అప్పుడే మాస్టారి పాత శిష్యుడొకడి ద్వారా విశాఖపట్నం కంపెనీ నుంచి ఒక మేనేజరు వచ్చాడు. అమెరికాలో కేసు కోర్టుకి వెళ్ళకముందే లాయర్లు సాక్షుల్ని ఆఫీసులో కూచోబెట్టి ప్రశ్నలడుగుతారట. అదంతా టేపు చేస్తారు. అక్కడ టైపు చేయిస్తే ఖర్చెక్కువని ఆ కేసెట్లు మన దేశానికి పంపుతున్నారు. కంపెనీ కంప్యూటర్లూ హెడ్‌ఫోన్సూ ఇస్తుంది, ఇన్‌స్టిట్యూట్ అమ్మాయిలు విని టైపు చెయ్యాలి. మాస్టారు ఒప్పుకున్నారు. కంప్యూటర్లకి చోటు కావాలని సగం టైపు మెషీన్లు అమ్మేశారు. ఆ మెషీన్లు మెట్లు దిగుతుంటే ఆయన వరండాలోకి కూడా రాలేదు.

ఊళ్ళో వేళాకోళానికి కొదవేముంది. అమెరికా తగువులు చోడవరంలో తీరుస్తున్నారటగా అని కోర్టు గుమాస్తాలు ఆటపట్టించేవారు. మా నాన్నకి వేరే బెంగ. "ఒసే, ఆళ్ళ తగువులు మనకెందుకే? రేపు సాచ్చానికి నిన్ను రమ్మంటే ఏటి సేస్తావు?" అన్నాడు. అమెరికావాడు వడ్డాదికి సమన్లు పంపడని నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

మొదటి విడత కేసెట్లు మేం ఎంత శ్రద్ధగా చేశామో చెప్పలేను. ఆ యాస చెవికెక్కడానికే ముందు నానా తంటాలు పడ్డాం. తప్పుల్లేకుండా, చూడముచ్చటగా కాగితాలు తయారుచేసి పంపాం. కొన్నాళ్ళకి మేనేజరు ఆ కట్ట మొత్తం వెనక్కి పట్టుకొచ్చాడు.

"మీ అమ్మాయిలు బాగానే విన్నారండీ. మరీ బాగా రాసేశారు, అదే గొడవ" అన్నాడు. టేపు పెట్టి వినిపించాడు. సాక్షి ఒక లారీ డ్రైవరు. ఎర్రలైటు చూశావా అని లాయరు అడిగాడు. "చూశాను" అన్నాడతను. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. "అంటే... చూశాననే... అనుకుంటున్నాను" అన్నాడు. రత్నం దాన్ని "చూశాను" అని టైపు చేసింది. దిద్దే పని నాది, నేనూ పాస్ చేశాను. పాపం భయపడుతున్నాడు, ఎందుకు నలుగురిలో పల్చన చెయ్యాలి అనుకున్నాం. మాస్టారు నేర్పినట్టే చేశాం. "ఆ మధ్యలో నసిగాడు చూడండి, కేసంతా అక్కడే ఉంది" అన్నాడు మేనేజరు. ఇంకొక్క విడత ఇస్తాననీ, అదీ ఇలాగే వస్తే కంప్యూటర్లు విశాఖపట్నం తీసుకెళ్ళిపోతాననీ చెప్పి వెళ్ళాడు.

తీసుకెళ్ళిపోతే ఏమవుతుందో ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఇన్‌స్టిట్యూట్ మూతపడుతుంది. మాలో ఎవర్నీ విశాఖపట్నం పంపి ఉద్యోగం చేయించే ఇళ్ళు కావు. నేను వడ్డాదిలో కూచోవాలి, రత్నం రోలుగుంటలో కూచోవాలి, అంతే సంగతులు.

మర్నాడు వచ్చేటప్పుడు మాస్టారు ఇంటి దగ్గర్నించి టేపురికార్డరు పట్టుకొచ్చారు. మధ్యాహ్నం కుర్చీ మధ్యలో వేయించుకుని కూచున్నారు. "నేను సాక్షిని. నోరెక్కువ గనక నువ్వు లాయరువి. ఇంగ్లీషులో అడుగు" అన్నారు నాతో. రత్నం బటను నొక్కింది. ఊరేది, పనేటి అని మొదలుపెట్టాను. గడగడా చెప్పారు. ఆ తర్వాత ఏం బుద్ధి పుట్టిందో, "మీ అమ్మాయిలు ఈ పని చెయ్యగలరా?" అని అడిగాను.

"చెయ్యగలరు" అన్నారు వెంటనే.

అని ఆగిపోయారు. కింద వీధిలో చెరకు లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆయన కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు. "నాకు... మెషీన్లు అమ్మేశాను... వీళ్ళ ఇళ్ళల్లో నన్ను నమ్మి..." అని, మళ్ళీ ఆగి, "భయంగా ఉంది" అన్నారు. ఇంకాసేపు ఊరుకుని, "చెయ్యగలరు" అన్నారు.

టేపు ఆపి, ఉన్నదున్నట్టు టైపు చెయ్యమన్నారు. రత్నం చేసింది. ఆయన కాగితం తీసుకుని చూస్తే చెయ్యగలరు అన్న ఒక్క ముక్కే ఉంది.

"ఇదేనా నేను సెప్పింది?"

"మీరు భయపడ్డారని ఎలా కొడతాం మాస్టారూ. తప్పు కదా" అంది రత్నం తలొంచుకుని.

"భయపడతానే సెయ్యగలరని సెప్పేనమ్మా. భయం తీసేస్తే ఆ మాటకి బరువేటుంటాది?"

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కుర్చీలో కూచుని కొట్టాను. ఆయన ఆగిన ప్రతిచోటా చుక్కలు పెట్టాను, మెషీన్ల దగ్గర ఆగినదీ, మా ఇళ్ళ దగ్గర ఆగినదీ, అన్నీ పెట్టాను. ఆయన ఆ కాగితాన్ని పైకి చదివారు, చుక్కలున్న చోట ఆగుతూ. చదవడం అయ్యాక, "ఇన్నాళ్ళూ నేను నేర్పింది మన కోర్టుకి. ఇది ఆళ్ళ కోర్టుకి. ఇదీ మరియాదే, అదీ మరియాదే" అన్నారు. ముప్పై ఏళ్ళు చేతికి అలవాటైన పనిని ఒక మధ్యాహ్నం పక్కన పెట్టడానికి ఆయనకి ఎంత కష్టమైందో అప్పుడు నాకు తెలియలేదు. ఆయన అప్పటి వయసుకి నేను దగ్గరపడ్డాక తెలుస్తోంది.

రెండో విడత వెళ్ళింది. కింద టెలిఫోన్ బూత్‌కి మేనేజరు ఫోన్ చేశాడు. మాస్టారు మాట్లాడి పైకొచ్చారు. మేమంతా లేచి నిలబడ్డాం. "ఏటలా నిలబడిపోయేరు? రేపట్నించి ఇంకా ఎక్కువ కేసెట్లు వస్తన్నాయట. కూచోండి" అన్నారు. మాకు దక్కిన శుభవార్త అంతే.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ మేడ మీద పని నడిచింది. రోలుగుంట నుంచీ దేవరాపల్లి నుంచీ కొత్త అమ్మాయిలు వచ్చారు, ఊరు వదలకుండా సొంత కాళ్ళ మీద నిలబడ్డారు. మా నాన్న వడ్డాది సంతలో "మా గుంట అమెరికా కోర్టులో పని సేస్తంది" అని చెప్పుకు తిరిగాడు. నేను సరిదిద్దలేదు. మాస్టారు పెద్దవారై మానేశాక ఆ పని నా చేతికొచ్చింది. ఇప్పుడు కంప్యూటరే విని టైపు చేసి పడేస్తోంది. మా మొదటి విడతలాగే నసుగుళ్ళన్నీ మింగేసి చక్కగా రాస్తుంది. మా దగ్గర పనిచేసే అమ్మాయిలు కూచుని విని, వాటిని మళ్ళీ ఎక్కడివక్కడ పెడుతుంటారు.

ఆర్నెల్ల కిందట మాస్టారికి పక్షవాతం వచ్చిందని తెలిసి చూడ్డానికి వెళ్ళాను. మాట పోలేదు గానీ, ఒక్కో ముక్కా దొరకడానికి చాలాసేపు పడుతోంది. వాళ్ళబ్బాయి మంచివాడు. నాన్న ఇబ్బంది పడడం చూడలేక మధ్యలో అందుకుని ఆ వాక్యం తనే పూర్తి చేసేస్తున్నాడు. "టీ తాగమంటున్నారు", "పిల్లలెలా ఉన్నారంటున్నారు" అని. మాస్టారు అబ్బాయి వైపు చూసి ఊరుకుంటున్నారు.

"కాసేపు ఆగు బాబూ, ఆయన్నే చెప్పనీ" అన్నాను.

ముగ్గురం కూచున్నాం. వంటింట్లో కుక్కరు కూత పెట్టింది, ఆగింది, మళ్ళీ పెట్టింది. మాస్టారి పెదాలు కదులుతున్నాయి. నేను చూపు తిప్పుకోలేదు.

"గుంటలు..." అన్నారు. చాలాసేపయ్యాక, "బాగా... వింటన్నారా?"

"వింటన్నారు మాస్టారూ" అన్నాను.

ఆయన తలాడించి, మళ్ళీ ఇంకేదో మొదలుపెట్టారు. వాళ్ళబ్బాయి చప్పున నోరు తెరిచాడు. తెరిచి, మూసుకుని, కుర్చీ మంచం దగ్గరకి లాక్కుని, నాన్న ముఖంలోకి చూస్తూ కూచున్నాడు.