కోటయ్య కాలు, సండే స్కూల్ గది

ఆ ఆదివారం కోటయ్య అన్నం పొట్లం కోసం లేచి రాలేదు. ఆరాధన అయ్యాక నాయుడుపేట బస్టాండులో మా చర్చి స్త్రీల సమాజం వాళ్లం పొట్లాలు పంచుతాం. ఎప్పుడూ వరుసలో ముందు నిలబడి, "ఈ వారం పులుసులో ఉప్పెవరు మరిచిపోయినారు?" అని మమ్మల్ని ఆటపట్టించే మనిషి గోడకు ఆనుకుని వణుకుతున్నాడు. దగ్గరికి వెళితే వాసన. రబ్బరు చెప్పులోంచి మేకు ఒకటి అరికాల్లోకి దిగి ఉంది. చెప్పు కాలికి అతుక్కుపోయింది.

"నొప్పిగా లేదా అన్నా?" అన్నాను.

"నొప్పేం లేదు మా. జొరం, అంతే. రెండు బిళ్లలు ఇయ్యి, పోతాది."

నా పేరు సలోమి. బట్టలు కుడతాను. కోటయ్య నాకు చుట్టం కాదు, మా సంఘం మనిషీ కాదు. పులికాట్ సరస్సు ఒడ్డున ఒక పల్లెలో వల వేసి బతికినవాడు. భార్య పోయాక అన్నదమ్ములతో పడక బస్టాండు చేరాడు.

ఆటోలో ఊళ్లోని ఆసుపత్రికి తీసుకెళ్లాం. షుగర్ చూసిన సిస్టర్ మిషన్ పాడైందేమోనని ఇంకోసారి చూసింది. "డయాబెటిక్ ఫుట్ అమ్మా," అన్నాడు డాక్టర్. "షుగర్ వల్ల కాలి నరాలు దెబ్బతిన్నాయి. న్యూరోపతి. మేకు దిగినా తెలియదు. ఆలస్యం చేయకుండా నెల్లూరు తీసుకెళ్లండి."

నెల్లూరులో అడ్మిషన్ దగ్గర అడిగిన మొదటి మాట, "పేషెంట్ తాలూకు ఎవరు?" నాతో వచ్చిన సమాజం అక్కలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకామెకు బస్సు టైము గుర్తొచ్చింది. "నేనే," అన్నాను. ఒళ్లు మండింది కానీ, అది గొడవపడే చోటు కాదు.

ఎక్స్‌రే, కాలికి రక్తం పారుతోందో లేదో చూసే డాప్లర్, చీముకు కల్చర్ పరీక్ష. ఇన్ఫెక్షన్ ఎముక దాకా పోయిందని బొటనవేలు తీసేశారు. చెడిన కండ చెక్కేయడాన్ని డిబ్రైడ్‌మెంట్ అంటారని అక్కడే విన్నాను. పగలు నేను, రాత్రి సణుక్కుంటూ మా ఆయన. డిశ్చార్జ్ రోజున సర్జన్ గారు, "రోజూ డ్రెస్సింగ్, రెండు పూటలా ఇన్సులిన్. పుండు తడవకూడదు, కాలు నేల మీద మోపకూడదు. ఎక్కడుంటాడు?" అన్నారు.

"బస్టాండులో సార్."

ఆయన పెన్ను మూత పెట్టి, "అయితే మళ్లీ ఇక్కడికే వస్తాడు," అన్నారు.

మా ఇల్లు ఒకటే గది. అందులోనే కుట్టు మిషను, ఇద్దరు ఆడపిల్లలు, మంచాన పడిన మా అత్త. వృద్ధాశ్రమం వాళ్లు పుండున్నవాళ్లను తీసుకోం అన్నారు. ఇన్సులిన్ మా ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున, సాయంత్రం బస్టాండుకు తిరిగాను. ఒకరోజు షుగర్ చూపిస్తే ఆకాశంలో ఉంది.

"ఏం తిన్నావన్నా?"

"ఎవరో పిల్లోడి పుట్టినరోజంట మా. రెండు లడ్లు ఇచ్చినారు. వద్దంటే బాధపడరా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇచ్చినవాళ్లు మా సంఘం వాళ్లే. ఫోటో కూడా దిగారు. ఆదివారం ఒక్కరోజే మూడు సంఘాలవాళ్లు వచ్చి అన్నం పెడతారు. మంగళవారం కట్టు మార్చడానికి పట్టుకునే చెయ్యి ఒక్కటి దొరకదు. ఇది చెప్తే నాకు గర్వమన్నారు.

మా గుడి వెనక సండే స్కూల్ గది ఉంది. టైల్స్, ఫ్యాను, పక్కనే బాత్రూము. వారంలో ఒక్కపూట తెరుస్తారు. పుండు మానేదాకా కోటయ్యను అందులో ఉంచుదామని కమిటీని అడిగాను.

"పిల్లలు కూర్చునే చోటు సిస్టర్. పైగా ఆ వాసన," అన్నారు సంఘ పెద్ద. "ఇది అలవాటు చేస్తే రేపు బస్టాండంతా ఇక్కడికే వస్తుంది."

"రానీండి. రమ్మనే కదా వారం వారం మైకులో పిలుస్తున్నాం?"

చివరికి, "ప్రార్థనలో పెడదాం" అన్నారు. నిజంగానే పెట్టారు. "ప్రభువా, ఆ సహోదరునికి ఒక చోటు చూపించు" అని, ఆ తాళం వేసిన గదికి గోడవతల కూర్చుని, కన్నీళ్లతో ప్రార్థించారు. నేను కళ్లు మూసుకోలేకపోయాను.

సంగతి కోటయ్యకు చెప్పాను.

"ఆ గదిలో ఎవరుంటారు మా?"

"ఎవరూ ఉండరు."

"మరి తాళం ఎందుకు?"

వాన పడింది, కట్టు తడిసింది, జ్వరం తిరగబెట్టింది. మళ్లీ నెల్లూరు. ఈసారి ఇంకో రెండు వేళ్లు. "మళ్లీ వస్తే బిలో నీ, మోకాలి కింద తీసేయాలి," అన్నారు సర్జన్ గారు.

డిశ్చార్జ్ ఈస్టరు ముందు వచ్చే శ్రమల వారంలో గురువారం నాడు అయింది. ఆ సాయంత్రం, యేసు శిష్యుల పాదాలు కడిగినదానికి గుర్తుగా, మా గుడిలో పాదాలు కడిగే ఆరాధన. పన్నెండుమంది పెద్దలు కుర్చీల్లో కూర్చుంటే పాస్టరు అయ్యగారు వాళ్ల కాళ్లు కడుగుతారు. గోళ్లు కత్తిరించుకుని, ఇంట్లోనే సబ్బుతో తోముకుని వస్తారు అందరూ. నేను ఆటోను బస్టాండుకు పోనివ్వలేదు. మా ఆయన, నేను కోటయ్యను చెరో పక్క పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, పన్నెండో కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసి కూర్చోబెట్టాం. పాట ఆగిపోయింది.

అయ్యగారు మంచివాడే. ఆయన కళ్లు చెమర్చాయి. నీళ్ల పళ్లెం తీసుకుని కోటయ్య ముందు మోకరించి, కట్టు కట్టిన కాలి మీదికి చెయ్యి చాచారు.

"తడపకండి అయ్యగారూ!" అని అరిచాను. "నీళ్లు తగలకూడదన్నారు డాక్టర్. గది తాళం ఇప్పించండి, చాలు."

అయ్యగారు చెయ్యి వెనక్కి తీసుకుని పెద్దల వైపు చూశారు. కోటయ్యే జాలిపడి, "ఈ కాలు బాగుండాది సామీ. కావాలంటే దీన్ని కడుక్కోండి," అని రెండోది ముందుకు పెట్టాడు. వెనక ఎవరో పకపకా నవ్వారు. అయ్యగారు ఆ కాలే కడిగారు. ఆశీర్వాదం అయ్యాక సంఘ పెద్ద నా మొహం చూడకుండా తాళం చెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.

పుండు మానింది. ఇప్పుడు కోటయ్య షుగర్ పుండ్లవాళ్లకిచ్చే మెత్తటి ఎంసీఆర్ చెప్పులతో నడుస్తున్నాడు, ఇన్సులిన్ తనే వేసుకుంటున్నాడు. ఆ గదిలోనే ఉన్నాడు. ఆరాధనకు ఎప్పుడైనా వస్తే, "పాటలు బాగుండాయి మా, ప్రసంగమే పొడుగు" అంటాడు. ఎండాకాలం పిల్లల వీబీఎస్, అదే సెలవుల బైబిల్ బడి, వస్తోంది, ఎప్పుడు ఖాళీ చేస్తాడని కమిటీ అప్పుడే మొదలుపెట్టింది. దేవుడు తలుపు తెరిచాడని ఇద్దరు ముగ్గురు ఆరాధనలో లేచి సాక్ష్యం కూడా చెప్పారు. మొదటిసారే తెరిచి ఉంటే ఆ రెండు వేళ్లు దక్కేవా అని సర్జన్ గారిని అడిగాను. "దక్కేవేమో," అన్నారు. ఆ మాట నాకింకా అరగలేదు.

మీరూ ఎక్కడైనా పొట్లాలు పంచుతుంటే ఒక్కటి చెప్తాను. అరికాళ్లు చూడండి, నొప్పి లేదంటే అస్సలు నమ్మకండి. ఆసుపత్రిలో చేర్పించిన రోజే, బయటికొచ్చాక ఎక్కడ పడుకుంటాడో తేల్చుకోండి. చోటు కోసం ప్రార్థన చేయండి, నేనూ చేస్తాను. ముందు మీ గుడిలో ఖాళీ గది తాళం ఎవరి జేబులో ఉందో కనుక్కుని, ఆ మనిషి పక్కనే మోకరించండి.