నాకు కనపడని బోర్డు

చలానా మా ఆయన ఫోనుకు వచ్చింది, బండి ఆయన పేరు మీద ఉంది కాబట్టి. ధర్మవరంలో పట్టుచీరల కొట్ల వీధిలో, నో పార్కింగ్ చోట స్కూటర్ పెట్టానట.

"అంత బోర్డు కనపడ్లేదంటే నీ కండ్లు పోయినట్టే. ఇంక బస్సులో పో కాలేజీకి" అంటూ తాళం చొక్కా జేబులో వేసుకున్నారు. బత్తలపల్లి నుంచి ధర్మవరానికి ఇన్నేళ్లుగా ఆ బండి మీదే వెళ్లి పాఠాలు చెప్పి వస్తున్నాను. ఇలాంటి సాకు కోసమే ఆయన కాచుకుని ఉన్నారని నా అనుమానం.

చలానా ఫోటో పెద్దది చేసి చూశాను. బండి ఉంది, నంబరు ఉంది, బోర్డు స్తంభం కింది సగం ఉంది. పై సగం లేదు. ఎందుకు లేదు? ఆ రోజు ఆ స్తంభానికి చిలకపచ్చ చీర వేలాడుతుండటం నాకు బాగా గుర్తు.

స్టేషన్‌కు వెళ్లి అదే చెప్పాను. "కనపడని బోర్డుకు చలానా ఏంది సార్?" అన్నాను. ఎస్సై నవ్వి, ఆ ఫోటో తీసిన కానిస్టేబుల్‌నే నాతో పంపించాడు. దొంగను పట్టుకోమని దొంగనే పంపినట్టనిపించింది.

మేం వెళ్లేసరికి స్తంభం బోసిగా ఉంది. పైన బోర్డు తళతళలాడుతోంది.

"ఇంత బోర్డుండాది కదా మేడం!" అన్నాడు కానిస్టేబుల్.

స్తంభం పక్కనున్న చీరల కొట్టాయన బయటికి వచ్చి, "మేం ఆడ చీరలెప్పుడూ వెయ్యమక్కా" అన్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొట్టుకు ముందే స్టేషన్ నుంచి ఫోను వచ్చి ఉంటుంది.

నేను కొట్లోకి వెళ్లి పరుపు మీద కూర్చున్నాను. "సరేలేప్పా, వచ్చినాను కదా, చీరలు చూపీ" అన్నాను. పది చీరలు పరిచాడు. మామిడిపండు రంగుది పట్టుకుని పెదవి విరిచాను.

"ఈ ట్యూబ్‌లైటు కింద రంగు యాడ తెలుస్తాది? బయటికి పోతే వెలిసిపోయిన దాని మాదిరి ఉంటాదేమో!"

"వెలిసిపోయిందా! మా మగ్గం చీరనా అక్కా!" ఆయనకు రోషం వచ్చింది. "రా, ఎండలో చూద్దువు రా!"

చీర అందుకుని గబగబా వీధిలోకి నడిచాడు. రోజూ చేసే పనే కదా, చేతులకు అలవాటు. ఒక్క విసురుకు కొంగు స్తంభం మీద పడింది, జరీ ధగధగ మెరిసింది. నో పార్కింగ్ మాయమైంది.

ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఇప్పుడు తియ్యప్పా ఫోటో" అన్నాను కానిస్టేబుల్‌తో. "ఈసారి పై సగం కూడా రానీ."

మూడో రోజు చలానా రద్దయినట్టు మెసేజ్ వచ్చింది. మా ఆయన దాన్ని రెండుసార్లు చదివి, తాళం తీసి బల్ల మీద పెట్టారు. చేతికివ్వలేదు. అది కూడా నేను గమనించాను.

మరుసటి వారమే బండిని నా పేరుకు మార్పించుకునే కాగితాల మీద ఆయనతో సంతకం పెట్టించాను. ఇక మీదట ఏ చలానా వచ్చినా ముందు నేను చూస్తాను.