ముప్పైకి రెండు కొసరు

సెల్‌ఫోనులో రింగుటోను మార్చడం వచ్చినవాణ్ణి ఇంజనీరుగా చూసే ఆ రోజుల్లో, బీయెస్సీ పాసై ఉద్యోగం దొరికిన ఆడపిల్లకు ఎంత గర్వం ఉండాలో నాకు అంతకంటే కాస్త ఎక్కువే ఉండేది. బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ల్యాబ్ అసిస్టెంటుని. తెల్లకోటు వేసుకుని గుజ్జు తీపి కొలవడం నా పని (కొలవగా మిగిలింది తాగేయడం కూడా). ఒకరోజు మేనేజరు పిలిచి, ఫ్యాక్టరీలో ప్రథమ చికిత్స తెలిసిన మనిషి ఒకరు ఉండి తీరాలట, తిరుపతిలో రెండు రోజులు శిక్షణ, నువ్వు వెళ్లు అన్నాడు. నా తెలివి చూసి పంపుతున్నాడని పొంగిపోయాను. సీజను మొదలవుతోంది, లేకపోయినా పని ఆగని మనిషిని నేనొక్కదాన్నేనని తర్వాత తెలిసింది.

ఇంట్లో చెప్పడం అసలు పరీక్ష. ఆగిపోయిన గుండెను ఆడించడానికి ఎదమీద నొక్కాలనీ, నోట్లో నోరు పెట్టి ఊదాలనీ, అదంతా ఒక బొమ్మ మీద నేర్పుతారనీ చెప్పాను. అమ్మ చేతిలో చాట కింద పెట్టి, "ఆ బొమ్మ ఆడదా, మొగోడా?" అని అడిగింది. తెలీదన్నాను. "తెలుసుకోకుండా యాడికి పోతావు?" అంది. నాయన పేపరు దించకుండానే, "రబ్బరు బొమ్మకు గోత్రం గూడా అడగమంటావా ఏంది? పోయి రానీ" అనడంతో గండం గడిచింది.

తీరా చూస్తే ఆ బొమ్మ ఆడా కాదు, మగా కాదు. నడుము దాకానే ఉంది పాపం. సారు పద్ధతి చెప్పాడు. భుజం తట్టి 'బాగున్నారా' అని గట్టిగా అడగాలి. పలక్కపోతే, ఊపిరి ఆడకపోతే, అంబులెన్సుకు ఫోను చేయమని పక్కవాళ్లకు చెప్పి, ముప్పైసార్లు గబగబా నొక్కి రెండుసార్లు ఊదాలి. నా వంతు వచ్చింది. భుజం తట్టి "బాగుండారా?" అన్నాను. అంతటితో ఆగొచ్చు కదా. పుట్టి పెరిగిన అలవాటు ఊరుకోనివ్వక, "అన్నం తిన్నారా?" అని కూడా అడిగేసి, జవాబు కోసం మర్యాదగా ఎదురుచూశాను. సారు తల పట్టుకుని, "ఆయన తినలేదమ్మా, ఇంక తినడు కూడా, ముందు నొక్కు" అన్నాడు.

నొక్కడం వచ్చింది కానీ లెక్క నిలవలేదు. పదిహేడు, పద్దెనిమిది దగ్గరకు వచ్చేసరికి మళ్లీ పద్నాలుగులోకి జారిపోయేదాన్ని. గుండెకు షాకిచ్చే పెట్టె ఒకటి చూపించారు. అది తనంతట తనే ఇంగ్లీషులో మాట్లాడుతుంది, ఎప్పుడు దూరం జరగాలో చెబుతుంది, విని చేస్తే చాలు. నాకు తేలిగ్గా వచ్చింది అదొక్కటే. లెక్క నాలుగుసార్లు తప్పాక సారు గడియారం చూసుకుని, నా మొహం చూసి, సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టేశాడు. జాలితో పాసయ్యానని ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు.

తిరిగొచ్చేసరికి ఫ్యాక్టరీ గేటు పక్కన ఎర్రరంగుతో నా పేరు, కింద 'ప్రథమ చికిత్స' అని రాసిపెట్టారు. ఆ బోర్డు కంటపడకుండా తల పక్కకు తిప్పుకుని గేటు దాటేదాన్ని. నిజంగా ఎవరైనా పడిపోతే? కాబట్టి ఎవరూ పడిపోకుండా చూడటమే మార్గమని తేల్చుకున్నాను. ఎండలో పనిచేసేవాళ్లకు మజ్జిగ పంచాను. ఆయాసపడినవాళ్లను వద్దన్నా కూర్చోబెట్టాను. బీడీ కాల్చేవాళ్ల వెంటపడ్డాను. ఆ చివరి జాబితాలో మొదటి మనిషి మా లాభం తాత.

లాభం తాత అంటే ట్రాక్టర్లలోంచి దిగే మామిడి గంపలు లెక్కపెట్టే మేస్త్రి. అంతకుముందు ముప్పై ఏళ్లు మండీలో కాయలు లెక్కపెట్టాడట. ఒకటి అనే మాట ఆయన నోట రాదు, "లాభం, రెండు, మూడు" అని రాగం తీస్తూ మొదలుపెడతాడు. అందుకే ఆ పేరు. ఒక మధ్యాహ్నం నేను గోనెసంచిలో రంపపుపొట్టు కూరి, దాని మీద నొక్కుతూ లెక్క తప్పుతుంటే వచ్చి నిలబడ్డాడు.

"ఏంది పాపా, గోనెసంచిని సంపతా ఉండావు?"

"బతికిస్తా ఉండాను తాతా."

"లెక్క అట్ల కాదు. నోటితో గాదు, ఒళ్లంతా పలకల. లాభం అని ఎత్తుకో, యాడా తప్పదు. ముప్పై కాయలకి రెండు కొసరు ఎయ్యి, మళ్లా లాభం అను. మా మండీ లెక్క అదే."

ముప్పై, ఆపైన రెండు! తిరుపతి సారు రెండు రోజులు చెప్పింది ఈయన పుట్టినప్పటినుంచీ పాడుతున్నాడు. ఆ రోజు నాలుగు విడతలు తప్పకుండా నొక్కాను. తాత బీడీ ముట్టించుకుంటూ "సర్టిఫికెట్టు నాకియ్యి" అన్నాడు.

పది రోజులకు, పట్టపగలు, రెండు ట్రాక్టర్లు నిలిచి ఉండగా, లెక్క మధ్యలో ఆగిపోయింది. వెళ్లి చూస్తే తాత కాయల మధ్య పడి ఉన్నాడు. భుజం తట్టి "తాతా, బాగుండారా?" అన్నాను. పలకలేదు. ఊపిరి లేదు. (అన్నం సంగతి అడగలేదు.) అంబులెన్సుకు ఫోను చేయమని అరిచి మోకాళ్ల మీద కూర్చున్నాను. భయంలో పాత అలవాటునే ఒకటి, రెండు అంటూ నొక్కడం మొదలుపెట్టాను. పద్దెనిమిది దగ్గర ఎప్పట్లాగే అంతా పోయింది. ఏడుపొచ్చింది. అప్పుడు, రోజూ నా గోనెసంచి లెక్క వింటూ కాయలు ఏరే ఆడవాళ్లలో ఒకావిడ, వెనక నుంచి గట్టిగా "లాభం!" అని ఎత్తుకుంది. మిగతావాళ్లు అందుకున్నారు. ఇరవైమంది గొంతులు కలిసి ముప్పై దాకా వెళ్లి, "కొసరూ!" అంటే నేను ఊదేదాన్ని. బీడీ వాసన, మీసాలు, ఏదీ పట్టలేదు. ఎన్ని విడతలో తెలీదు. అంబులెన్సు వచ్చింది, అందులోంచి నాకు తెలిసిన ఆ ఇంగ్లీషు పెట్టె దిగింది. అది దూరం జరగమనగానే నేను "జరగండి!" అని అరిచాను. ఇరవైమందీ ఒక్కసారిగా వెనక్కి గెంతి గంపల మీద పడ్డారు.

తాత బతికాడు. నెల తర్వాత చిత్తూరు ఆసుపత్రి నుంచి వచ్చి గేటు దగ్గరే నన్ను పట్టుకున్నాడు. "రెండు పక్కటెముకలు ఇరగ్గొట్టినావు గదే పాపా! కాయలైతే ఇట్లనే నొక్కుతావా?" అని అందరి ముందూ తిట్టాడు. తిడుతూనే నా తలమీద చెయ్యిపెట్టాడు. ఆ చెయ్యి చాలాసేపు తియ్యలేదు.

ఆ తర్వాత నేను చిత్తూరులో వేరే ఉద్యోగంలో చేరినా, ప్రతి ఏడూ మొదటి ట్రాక్టరు దిగిన రోజు ఫోను చేసేవాడు. "పాపా, ఈ సీజను గూడా కొసరే" అనేవాడు. అలా తొమ్మిది సీజన్లు. పదోది మొదలైన రోజు ఫోను రాలేదు.

ఇప్పుడు నేనే కొత్త పిల్లలకు ఇది నేర్పుతున్నాను. లాభం అని మొదలుపెడితే నవ్వుతారు, నవ్వనీ అనుకుంటాను. జాలితో పాసైన ఆ తెల్లకోటు పిల్ల గుర్తొస్తే నాకూ నవ్వొస్తుంది, ఎంత భయపడిందో పాపం. అందరూ వెళ్లాక బొమ్మను పెట్టెలో సర్దేముందు, ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని, భుజం తట్టి అడుగుతాను: "అన్నం తిన్నావా తాతా?"