గద్ద ఉత్త కాళ్లతో పోయింది

బుజ్జవ్వా, నువ్వు పోయినవని అందరికీ నీ మొగుడే ఫోన్లు చేసి చెప్పిండు. నేను ఇట్లా కూర్చుని రాస్తున్న బిడ్డా.

చదివేవాళ్లకు చెప్తున్నాను. కిందటి నెలలో నా బిడ్డ చనిపోయింది. పెద్ద జబ్బు. పొద్దున పూట, ఇంట్లోనే, ఒక చేత్తో నన్ను, ఒక చేత్తో అల్లుణ్ణి పట్టుకుని పోయింది. పలకరించడానికి వచ్చినవాళ్లంతా పాపం అంటున్నారు, ఎంత బాధ పడిందో అంటున్నారు. పడింది, నిజమే. కానీ ఆ ఒక్క మాటతో నా బిడ్డ సంగతి ముగించడం నాకు ఇష్టం లేదు. నేను ఐదో తరగతితో బడి మానినదాన్ని, రాయడం అంతగా రాదు. అయినా నా బిడ్డ గద్దను ఎట్లా గెలిచిందో నేను కాకపోతే ఎవరు రాస్తారు?

డబ్లిన్‌లో సిటీవెస్ట్ దాటినాక, ఇళ్లు అయిపోయి పొలాలు మొదలయ్యే చోట వాళ్ల అద్దె ఇల్లు. బిడ్డ మందుల ఫ్యాక్టరీలో పని చేసేది. జబ్బని తెలిశాక సెలవు పెట్టి, నన్ను పిలిపించుకుంది. నేను దిగిన కొద్ది రోజులకే, ఒక గుడ్ల ఫారం వాళ్లు ముసలివయ్యాయని వదిలించుకుంటున్న కోళ్లను నాలుగింటిని కారులో వేసుకుని తెచ్చింది. చూస్తే మెడలు బోసిగా ఉన్నాయి, వీపుల మీద ఈకల్లేవు.

"ఇవేం కోళ్లే, సగం పీకి పెట్టినట్టున్నయి" అన్నాను.

బిడ్డ తల మీది టోపీ తీసి చూపించింది. మందులకు జుట్టంతా రాలిపోయింది అప్పటికే. "నాకు తోడుండనీ అమ్మా. ఎవరికి ముందు మొలుస్తయో చూద్దాం" అని నవ్వింది. నేను అటు తిరిగి ప్రెస్‌లో గిన్నెలు సర్దాను. ఇక్కడ వంటింటి అల్మారాను ప్రెస్ అంటారు. ఆ ఏడాది నేను దాన్ని ఎన్నిసార్లు సర్దానో.

ఆ కోళ్లు పంజరంలో పెరిగినవి, ఆకాశం చూడలేదు. మా ఊళ్లో అయితే గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్ల కూడా నీడ పడితే తల్లి రెక్క కిందికి ఉరుకుతుంది. ఇవి మాత్రం పైన గద్ద తిరుగుతుంటే మెడలు ఎత్తి చుట్టం వచ్చినట్టు చూసేవి. నాకు భయం పట్టుకుంది. పాత చీపురు, కర్రలు కట్టి, అల్లుడి నల్లకోటు తొడిగి, కుండ లేకపోతే పెయింటు డబ్బాకు కళ్లు పెట్టి దిష్టిబొమ్మ చేసి పెరట్లో నిలబెట్టాను. మరునాడు గద్ద వచ్చి దాని నెత్తి మీదే కూర్చుంది.

"అత్తమ్మా, అది నా ఇంటర్వ్యూ కోటు" అన్నాడు అల్లుడు కిటికీలోంచి చూసి.

"నీకు రాని ఉద్యోగం దానికొచ్చింది తియ్యి" అంది నా బిడ్డ.

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. గద్ద ఆ బొమ్మ మీది నుంచే ఎర్రకోడి మీదికి దూకింది. నేను పొరక పట్టుకుని ఉరికేసరికి వదిలేసి లేచింది గానీ, కోడి వీపు చీరుకుపోయింది, ఒక రెక్క వేలాడుతోంది. రాయి తీసుకున్నాను. బిడ్డ తలుపు దగ్గరి నుంచే ఆపింది.

"కొట్టకే. ఇక్కడ గద్దను కొడితే గార్డులు వస్తరు. అయినా దానికీ ఆకలే గదా."

గార్డులంటే ఇక్కడ పోలీసులు. రాయి కింద పడేశాను. ఆమెను పైకి పోయి పడుకోమని, నేను కోడిని తీసుకొచ్చి వంటింటి బండ మీద పెట్టాను. మా దిక్కు గద్ద తన్నిన కోడిని పాణం పోకముందే కోసి కూరొండుతారు. అంతకు మించి ఎవరూ ఆలోచించరు. నేనూ ఆలోచించలేదు. ఉల్లిగడ్డ కోశాను, అల్లం ఎల్లిగడ్డ మిక్సీలో వేశాను. ఆ చప్పుడుకు బిడ్డ మెట్లు దిగి వచ్చింది.

"ఏం నూరుతున్నవమ్మా?"

"ఏముంటది, కూరకు. ఎట్లనూ బతకదు."

ఆమె కోడి పక్కన వంగి చెవి పెట్టింది. "ఊపిరి ఉన్నది" అంది. "ఊపిరి ఉన్నంతసేపు కూర కాదు. మిక్సీ బంద్ చెయ్యి."

నిలబడితే కాళ్లు వణికే మనిషి. ఆ రోజు స్టూలు వేసుకుని కూర్చుని, కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో కోడి పుండు కడిగింది. గోళ్లు దిగిన చోట్లు ఈకల కింద దాక్కుంటాయని చిన్న కత్తెరతో చుట్టూ ఈకలు కత్తిరించి ఒక్కొక్కటీ వెతికింది. నేను పసుపు డబ్బా పట్టుకుని నిలబడితే, "ముందు కడగాలె అమ్మా. లోపల మురికి పెట్టి పైన ఏం రాసినా దండుగ" అంది. రెక్కను ఒంటికి ఆనించి మెత్తటి గుడ్డతో కట్టింది. రక్తం కనబడితే మిగతా కోళ్లు పొడుస్తాయని, బట్టల మిషను ఉండే చిన్న గదిలో అట్టపెట్టెలో వేరుగా పెట్టింది. అల్లుడు పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయి మందు తెచ్చాడు.

కానీ కోడి తినలేదు. నా బిడ్డా తినడం లేదు. ఏది నోట్లో పెట్టినా ఇనుము నాకినట్టుంది అనేది. ఇంకా బరువు తగ్గితే మందు ఎక్కించడం ఆపాల్సి వస్తుందని ఆసుపత్రిలో చెప్పారు. మందు ఆపితే ఏమవుతుందో చెప్పకపోయినా నాకు అర్థమైంది.

అందుకని ఇద్దరినీ ఒక దగ్గర కూర్చోబెట్టాను. పెట్టె ముందు బిడ్డ, నడుమ నేను, నా ఒళ్లో పెరుగన్నం. ముందు కోడి ముక్కు దగ్గర ఒక మెతుకు. అది చాలాసేపు చూసి పొడిచింది.

"అది తిన్నది. ఇగ నీ వంతు."

"మోసం. దాని ముద్ద మెతుకంత, నా ముద్ద గుడ్డంత."

"దానికి నీ అంత నోరు లేదు గదా, నాకు ఎదురు చెప్తందుకు."

తినేది. ఒక్కోసారి కక్కేది, నోరు కడుక్కుని మళ్లీ కూర్చునేది. కోడి మొండికేసిన పూట తానే దాన్ని బతిమాలేది, "తినవే, నువ్వు తినకుంటే మా అమ్మ నన్ను సతాయిస్తది" అని. బరువు నిలిచింది. మందు ఎక్కించారు. కోడి రెక్క వంకరగా అతుక్కుని నడక ఒక పక్కకు ఒరిగింది గానీ, వీపు మీద కొత్త ఈకలు మొలిచాయి, బిడ్డ తల మీద కూడా పిల్లల జుట్టులాంటిది వచ్చింది. ఎవరికి ముందు మొలిచిందో అని వాదన. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి అల్లుడు తీర్పు చెప్పాడు, కోడే గెలిచిందని. బిడ్డ అలిగింది.

కోళ్లను గూట్లోనే ఉంచుదామని అల్లుడు అన్నాడు. బిడ్డ ఒప్పుకోలేదు. "జీవితమంతా పంజరంలో ఉన్నయి. ఇప్పుడన్నా గడ్డిల తిరగనీ" అంది. దిష్టిబొమ్మ తీయించింది. గద్ద నేరుగా దిగకుండా పెరడు మీద అడ్డంగా, నిలువుగా దారాలు కట్టించింది. పొలం కంచె దగ్గర మాత్రం కట్టడానికి ఆధారం లేక ఖాళీగా మిగిలింది. నడుమ ఒక పాత బల్ల వేయించి, పూటపూటా దాని కింద గింజలు చల్లి, స్టీలు పళ్లెం మీద చెంచాతో కొట్టేది. పళ్లెం మోగితే బల్ల కిందికి ఉరకాలని కోళ్లు నేర్చుకున్నాయి. పక్కింటి ఐరిష్ ఆవిడ గోడ మీంచి చూసి, మీ దేవుడికి పూజా అని అడిగింది. కోళ్లకు బడి అని చెప్పింది నా బిడ్డ.

ఒకరోజు మంచి ఎండ కాసింది. బిడ్డ వెనక తలుపు దగ్గర కుర్చీలో, ఒళ్లో పళ్లెంతో పప్పన్నం కెలుకుతూ కూర్చుంది. నేను బట్టలు ఆరేస్తున్నాను. ఎర్రకోడి కుంటుకుంటూ కంచె దగ్గరికి పోయింది, దారాలు లేని దిక్కు. గద్దను నేను చూడలేదు. బిడ్డ చూసింది. చెంచా ఎత్తి పళ్లెం మీద కొట్టింది. పప్పన్నం ఎగిరి ఆమె మీద, తలుపు మీద పడింది. అయినా ఆపలేదు, టంగు టంగుమని కొడుతూనే ఉంది. మూడు కోళ్లు బల్ల కింద దూరాయి. ఎర్రకోడి ఒక పక్కకు ఒరిగి ఒరిగి ఉరుకుతోంది. పైనుంచి గద్ద రెక్కలు ముడిచి దిగుతోంది. నా చేతిలో తడిచీర అట్లాగే ఉండిపోయింది.

కోడి బల్ల కిందికి చేరింది. గద్ద గడ్డి మీద దిగి, లువాస్ రైలు తప్పిపోయిన మనిషిలా అటూ ఇటూ చూసి, లేచిపోయింది.

"చూసినవా అమ్మా" అంది నా బిడ్డ, మొహం నిండా పప్పు. "ఉత్త కాళ్లతోని పోయింది."

పక్కింటావిడ గోడ అవతల చప్పట్లు కొడుతూ గ్రాండ్, గ్రాండ్ అంటోంది. బిడ్డ ఖాళీ పళ్లెం నా వైపు చాపింది. "అన్నమంతా పారబోసిన. ఇంకింత పెట్టు. నెయ్యి ఎక్కువెయ్యి."

జబ్బు పడ్డాక తనంతట తాను అన్నం అడగడం అదే మొదలు. నేను వంటింట్లోకి పోయి, రెండు చేతులా వడ్డించాను.

ఆ తర్వాత ఎండాకాలమంతా బతికింది. కొండ ఎక్కింది, కుంటికోడి పెట్టిన గుడ్డుతో అట్టు వేసుకుని తిన్నది, అల్లుడికి కొత్త కోటు కొన్నది. చివరికి జబ్బు తీసుకుపోయింది. తీసుకుపోనీ. దానికి నా బిడ్డ ఊరికే చిక్కలేదు.

ఇప్పుడు కిటికీలోంచి ఎర్రకోడి కనబడుతోంది. గడ్డిలో ఎండకు ఒక పక్కకు వాలి, బాగైన రెక్కా వంకరపోయిన రెక్కా రెండూ పూర్తిగా పరుచుకుని, కళ్లు మూసుకుని పడుకుంది. గాలికి వీపు మీది కొత్త ఈకలు కదులుతున్నాయి.

నన్ను ఓదార్చడానికి ఏమీ చేయనక్కర్లేదు. ఈ పూట కడుపునిండా అన్నం తినండి.