రెండుసార్లు వచ్చిన ముప్పై ఒకటో తేదీ

1983లో నేను తిరుపతిలో ఒక ప్రెస్సులో కంపోజిటర్‌ని. ఏటా రోజుకో కాగితం చింపుకునే క్యాలెండర్ వేసేవాళ్లం. పైన తేదీ, కింద రెండు వరసల ఖాళీ. ఆ ఖాళీ నింపే పని యజమాని నా నెత్తిన పెట్టాడు. ఏ పునీతుడి పండుగ ఏ రోజో, ఏ ఊళ్లో ఉరుసో, ఏ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఏరుకొచ్చి పేర్చేవాణ్ణి. నాకు పెళ్లి కాలేదు, అద్దె గదిలో ఒంటి బతుకు. ఊరికి రోజూ వేలమంది వచ్చేవారు, నా తలుపు తట్టిన నాథుడు లేడు. ఆ రెండు వరసలు చదివేవాడూ లేడనే అనుకునేవాణ్ణి.

అచ్చయ్యాక గ్యాదరింగ్ ఉంటుంది. పొడవాటి బల్ల మీద తేదీల వారీగా దొంతులు పేర్చి, చుట్టూ తిరుగుతూ ఒక్కో కాగితం తీసి కట్ట చేయడం. కుట్టుకు పంపేముందు ప్రతి కట్టనూ తేదీ తేదీకీ తిప్పి చూడాల్సింది నేను. అంతకుముందు డిసెంబరు తొందరలో ఆ పని ఎగ్గొట్టాను. సరైన కట్ట ఒకటి పక్కన పెట్టుకుని, ఎత్తు సరిపోతే చాలని పంపేశాను. పైగా అదేదో నా పనితనమని మురిసిపోయాను.

నవంబరు మొదటి వారంలో ఒక పెద్దాయన వచ్చాడు. పేరు మరియదాసు. చిత్తూరులో కాంపౌండరుగా చేసి, రిటైరై, కార్వేటినగరంలో ఒక్కడే ఉంటున్నాడు. సంచిలోంచి రెండు కాగితాలు తీసి నా ముందు పెట్టాడు. రెండూ అక్టోబరు ముప్పై ఒకటే.

"సోమారం ఒకటి సించినా. మంగళారం లేచి సూస్తే మళ్లీ అదే ఉండాది. ముందురోజు తొందరపడి సించేసినానేమో అనుకున్నా. అచ్చులో తప్పుంటాదా అప్పా? నా బుర్రలోనే ఉంటాది గానీ."

"ఎవరినైనా అడగాల్సింది కదయ్యా," అన్నాను.

"ఎవర్ని అడిగేది? మోకాలి నొప్పితో నాలుగు దినాలు గడప దాటలా. రేడియో సెడిపోయి ఏడాదయింది."

అలా ఆయన ఒక రోజు వెనకబడిపోయాడు. నవంబరు రెండు కల్లర పండుగ. పోయినవాళ్ల సమాధులు కడిగి, కొవ్వొత్తులు పెట్టి, వాళ్ల పేర్లు చదివి ప్రార్థించే రోజు. ఆయన భార్య జ్ఞానమ్మను పూడ్చింది చిత్తూరులో. ఏడాదికి ఆ ఒక్కరోజే ఆమెను ఎరిగినవాళ్లు ఆయనకు కనిపిస్తారు, ఆమె సంగతులు చెబుతారు. రెండో తేదీ కాగితం చూసుకుని ఆయన బస్సెక్కింది మూడో తేదీన.

"కల్లర అంటే అరవంలో రాతిగది అని కింద రాసినావే, అది సదివే బస్సెక్కినా. సమాధుల కాడ నరపురుగు లేదు. కాలిపోయిన వత్తులు, వాడిపోయిన బంతిపూలు. కాపలావాడు నన్ను సూసి రెండడుగులు ఎనక్కి పోయినాడు."

"ఎందుకు?"

"ఏటా తప్పకుండా వచ్చేవాణ్ణి కదా. ముందురోజు సాయంత్రందాకా నాకోసం సూసినారంట. నేనూ పోయినాననుకున్నారు. జ్ఞానమ్మ పేరు పక్కన నా పేరూ సదివి ప్రార్థన చేసినారంట."

తప్పు నాదని, కట్ట తిప్పి చూడలేదని ఒప్పుకున్నాను. తిడితే బాగుండేది. ఆయన కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

"ఆ కింది వరసలు రాసేది నువ్వేనా? దినామూ సదువుతా. పొద్దన నాతో ఒకరు మాట్లాడినట్టు ఉంటాది."

నా వరసలు చదివే మనిషి ఉన్నాడని అప్పుడే తెలిసింది. ఆ ఒక్కడినే బతికుండగా చచ్చినవాళ్లలో కలిపేశాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ఆ డిసెంబరు నుంచి రిటైరయ్యేదాకా ఒక్క కట్టనూ ఎత్తు చూసి పంపలేదు. ఈ పని నాకు నేర్పింది అదే. ఒంటరిగా ఉన్నవాడు తన జ్ఞాపకం కంటే అచ్చునే ఎక్కువ నమ్ముతాడు. సరిచెప్పడానికి వాడి పక్కన మనిషి ఉండడు.

మరుసటి ఏడు అక్టోబరు ఆఖరులో ఆయనకు కార్డు రాశాను: "అయ్యా, శుక్రవారం రెండో తేదీ. కల్లర పండుగ. మరవకండి."

వారానికి జవాబు వచ్చింది. నా అద్దె గదికి వచ్చిన మొదటి ఉత్తరం అదే.

"పోయొచ్చినా అప్పా. నన్ను సూసి అందరూ ఏడ్సినారు. తేదీ నాకు తెలుసు. అయినా ఏటా రాస్తా ఉండు."