పగడపు పిల్లలకు పెట్టిన మైకు

మా బాబాయి మైకులు అద్దెకిచ్చేవాడు. సౌండు తగ్గించమని జీవితమంతా జనం చేత తిట్లు తిన్న మనిషిని పిలిచి, సముద్రం అడుగున స్పీకరు పెట్టమన్నారంటే నవ్వు రాదా? పడవ నాదే కాబట్టి పక్కనే కూర్చుని నవ్వాను.

పిలిచింది పగడాల మీద పరిశోధన చేసే డాక్టరమ్మ. పగడం రాయి కాదట, ప్రాణి. ఏడాదికోసారి దాని పిల్లలు నీళ్లలో తేలుతాయి. ఆవగింజ కన్నా చిన్నవి. కొద్ది రోజులు ఈదుతూ, నిలవడానికి చోటు వెతుక్కుంటాయి. రాయిని ముట్టి చూస్తాయి, నచ్చకపోతే లేచిపోతాయి. గులాబీరంగు నాచు పెచ్చులా కట్టిన గరుకు చోటు దొరికితే అతుక్కుంటాయి. ఇక చచ్చేదాకా అక్కడే. ఇల్లు చూసుకోవడంలో అంత పట్టింపు మనుషుల్లో కూడా చూడలేదు నేను.

మా రేవు ముందున్న పగడాల గుట్ట చచ్చిపోయింది. బతికున్న గుట్టలో రొయ్యలూ చేపలూ చేసే చిటపట చప్పుడు అక్కడ లేదు. ఆ చప్పుడు రికార్డు చేసి ఇక్కడ వినిపిస్తే పిల్లలు వస్తాయేమోనని డాక్టరమ్మ ఆశ. ఆ నాచు కట్టిన మట్టి పెంకులు కూడా స్పీకరు దగ్గర కొన్ని, దూరంగా కొన్ని అడుగున పరిపించింది.

బాబాయి రోజూ పిన్నిని పడవ ఎక్కించుకొచ్చేవాడు. ఈ వయసులో సరసమేమిటని ఆటపట్టించేవాణ్ణి. ఆవిడ తెడ్డు నీళ్లలో ముంచి, పిడి చెవికి ఆనించుకుని కూర్చునేది. బాబాయిని ఏమడిగినా "బ్రహ్మాండం" అనేవాడు.

పిల్లలు ఈదే రోజుల్లోనే ఒక సాయంత్రం, "స్పీకరు మోగుతోందా?" అని పక్క పడవలోంచి కేకేసింది డాక్టరమ్మ.

"బ్రహ్మాండం," అన్నాడు బాబాయి.

పిన్ని తెడ్డు దించింది. ఆయన గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. "ఆగిపోయిందండీ," అంది, పెదవులు బాగా కదిలిస్తూ.

అప్పుడు అర్థమైంది నాకు. బాబాయికి చెవులు పోయాయి. తెడ్డు గుండా నీళ్లలో చప్పుడు వినేది పిన్నే. చెవిటివాడికి మైకు పని ఎవరిస్తారని దాచుకున్నాడు. ఈ నాలుగు రోజులూ చప్పుడు లేకపోతే డాక్టరమ్మ ఏడాది శ్రమ నీళ్లపాలు. ఆయన గబగబా వైరు పైకి లాగాడు. అతుకు దగ్గర ఉప్పు తినేసి ఉంది. దాన్ని కోసి, కలిపి, చుట్టాడు. పిన్ని మళ్లీ తెడ్డుకు చెవి పెట్టి తలూపింది.

తర్వాత పెంకులు పైకి తీశారు. స్పీకరు లేని వైపు పెంకుల మీద అక్కడొకటి, ఇక్కడొకటి. స్పీకరు దగ్గరివాటి మీద చుక్కలే చుక్కలు. భూతద్దం కింద ఒక్కో చుక్కా చిన్న పువ్వు. నాకు ఒళ్లు గగుర్పొడిచింది. అంత సముద్రంలో, అరచేతి వెడల్పు చోటును ఇంత చిన్న ప్రాణి ఎలా కనుక్కుంది?

బాబాయి కూడా భూతద్దం మీదికి వంగాడు. తల ఎత్తి, డాక్టరమ్మ పెదవుల వైపే చూస్తూ, "వీటికి చెవులెక్కడున్నాయమ్మా?" అనడిగాడు.

"చెవుల్లేవండీ. ఒంటి నిండా సన్నటి నూగుంటుంది. నీళ్ల అదురు దాంతో తెలుస్తుందేమో. మాకూ పూర్తిగా తెలీదు."

ఆయన మళ్లీ వంగి చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. పిన్ని వద్దన్నట్టు ఆయన చొక్కా పట్టుకుని లాగుతున్నా ఆగలేదు.

"నాకూ వినపడదమ్మా," అన్నాడు. "ఈవిడ విని చెబుతుంది."

డాక్టరమ్మ లేచి ఆయన ముఖానికి ఎదురుగా వచ్చి నిలబడింది. గొంతు పెంచలేదు. ఒక్కో మాటా విడదీసి, "వచ్చే ఏడు ఇద్దరూ రండి," అంది.