ఆస్ట్రేలియా వాన

నౌపడ ఉప్పుమళ్ళలో కార్ల రేసుల పిచ్చి ఉన్న మనిషి తిరుపతిరావు ఒక్కడే. క్రికెట్ పిచ్చివాళ్ళు బోలెడుమంది. సినిమా పిచ్చివాళ్ళకైతే లెక్కే లేదు. వాళ్ళకి కబుర్లాడుకోడానికి తోడు దొరుకుతుంది, కనీసం పోట్లాడుకోడానికైనా ఇంకొకడు దొరుకుతాడు. ఇతనికి ఆ భాగ్యం కూడా లేదు. టీ కొట్టు దగ్గర కూచుని "ఈ ఏడు ఇంజన్లు మార్చేశారటరా" అన్నాడంటే చాలు, పక్కవాడు గ్లాసు కింద పెట్టి లేచి పోతాడు.

ఈ పిచ్చి అంటుకున్నది బహ్రెయిన్‌లో. ఉద్దానం కుర్రాళ్ళు బోలెడుమంది పోయినట్టే ఇతనూ పాతికేళ్ళ వయసులో గల్ఫ్ పోయాడు. రేసు ట్రాకు పక్కన జనం కూచునే మెట్లకి ఇనప గొట్టాలు బిగించే పని దొరికింది. ఒకరోజు మిట్టమధ్యాహ్నం అంత ఎత్తున నట్లు బిగిస్తుంటే కింద నుంచి ఒక ఆకుపచ్చ కారు పోయింది. పోయింది అనడమే గానీ ఇతను చూసిందేమీ లేదు. ఆ చప్పుడుకి గుండె అదిరి, చేతిలో స్పానరు జారి కింద పడింది. మేస్త్రీ పదిమందీ వినేలా బూతులు లంకించుకున్నాడు. సాయంత్రం ఆ కారు తోలిన కుర్రాడే నడుచుకుంటూ వచ్చి పనివాళ్ళందరికీ చల్లటి నీళ్ళ సీసాలు పంచిపెట్టాడు. పట్టుమని ఇరవై ఏళ్ళు లేవు. చొక్కా మీద అరవై ఒకటి అని నంబరు. అంతే! ఒక్క నీళ్ళ సీసాకి తిరుపతిరావు జీవితాంతం అమ్ముడుపోయాడు.

తిరిగొచ్చి పదిహేనేళ్ళు దాటింది. పెళ్ళయింది, జుట్టు నెరిసింది, నడుం పట్టేస్తోంది. అరవై ఒకటో నంబరు మాత్రం "మనోడు" గానే ఉండిపోయాడు. ఆ మనోడు ఇన్నేళ్ళలో గెలిచినవి రెండంటే రెండే రేసులు. మిగతా అన్నిట్లో ఇంజను కాలిపోవడమో, ఎవడో వచ్చి గుద్దడమో, వాళ్ళ టీమువాళ్ళే తప్పు చెయ్యడమో. ఏటా డిసెంబరులో తిరుపతిరావు "ఇంక సూడను, ఒట్టు" అంటాడు. మార్చి వచ్చేసరికి ఒట్టు గట్టున పెట్టేస్తాడు. ఈ ఏడు మనోడికి ఇదే ఆఖరి సీజనని చెప్పారు. మొదటి రేసు ఆస్ట్రేలియాలో. ఆదివారం పొద్దున్న, మన గడియారంలో తొమ్మిదిన్నరకి.

ఉప్పు సంగతి కూడా చెప్పాలి. తిరుపతిరావు చేసే నాలుగు మళ్ళూ భార్య వసంత వైపు నుంచి వచ్చినవి. సొంతం కావు, చేసుకుని బతికే హక్కు మాత్రమే. వసంత తాత, తండ్రి అందులోనే ఉప్పు లాగి లాగి కాళ్ళు పగిలి పోయినవాళ్ళు. వసంత కూడా పుట్టి బుద్ధెరిగాక వేరే పని చెయ్యలేదు. నిరుడు అకాల వానలకి రెండుసార్లు సరుకు పోయింది. దాంతో మళ్ళ ఆసామి సోమేశ్వరరావు ఈసారి ముఖం మీదే చెప్పేశాడు.

"తొలి కుప్ప సోమవారం పొద్దున్నకి ట్రాక్టరెక్కాల. ఎక్కనేదా, మళ్ళు వేరేవోళ్ళకి ఇచ్చెత్తాను. తరవాత ఏడిసి లాభం నేదమ్మా."

శనివారం ఇద్దరూ కలిసి తొలి ఉప్పు లాగారు. మనిషెత్తు కుప్ప. కొత్తగా మట్టి వేసిన గట్టు మీద తెల్లగా మెరుస్తుంటే వసంత దాని చుట్టూ రెండుసార్లు తిరిగి చూసుకుంది. తొలి కుప్పకి వాళ్ళింట ఒక పద్ధతుంది. రెండు రోజులు దాని మీద తాటాకు కప్పరు. సముద్రం నీళ్ళు సముద్రానికి దిగిపోవాలట, అప్పటిదాకా కుప్పని మూయకూడదట. తక్కిన కుప్పలకి ఈ నియమం లేదు.

ఆదివారం తెల్లారాక వసంత గట్టు మీద నిలబడి సముద్రం వైపు చూసింది. అటు మసగ్గా ఉంది. కొంగు ఎగిరే వైపు మారింది.

"మావా, గాలి తిరిగింది. కప్పేద్దాం," అంది.

కప్పడమంటే మాటలా! తాటాకులు మొయ్యాలి, వరస మీద వరస పేర్చాలి, తాళ్ళు బిగించాలి, రాళ్ళు వేలాడదియ్యాలి. ఇద్దరు మనుషులకి రెండు గంటల పని. అప్పటికే ఎనిమిదిన్నర.

"తొలి కుప్ప కప్పకూడదని ఏటేటా సెప్పేది నువ్వే కదేటే?" అన్నాడు తిరుపతిరావు.

"సెప్పాను. మా అమ్మ బతికుంటే ఈ గాలి సూసి కప్పెయ్యమనే అంటాది."

"ఏమో, మీ ఇంటి ఆచారం నాను మీరితే రేపేటైనా అయితే నన్నే అంటావు. నాకెందుకొచ్చిన గొడవ?"

ఎంత భక్తి! పెళ్ళయిన ఇన్నేళ్ళలో అత్తవారి ఆచారం మీద అతనికి ఇంత గౌరవం ఎన్నడూ కలగలేదు. వసంత అతని ముఖంలోకి ఒక క్షణం చూసింది. ట్రాక్టరుకి గోనె సంచులు కావాలి, టెక్కలి వెళ్ళి తేవాలి.

"నానొచ్చేదాకా సూత్తా ఉండు. మబ్బు పడితే ఒక్కడివైనా సరే, ఉన్న ఆకులు మీద పడెయ్."

"సూత్తాన్లే, ఎల్లిరా."

చూస్తాననే అనుకున్నాడు పాపం. అబద్ధమాడాలని లేదు.

ఇల్లు మళ్ళ పక్కనే, రేకుల కప్పు వేసిన ఒంటి గది. బయట ఉప్పు మెరుపుకి ఫోన్‌లో బొమ్మ కనపడదు. అందుకని తలుపు వేశాడు. స్పీకరు పోయి ఏడాదయింది. అందుకని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. మంచం మీద బాసింపట్టు వేసుకుని కూచున్నాడు.

తెర మీద ఎర్ర దీపాలు ఆరాయి, రేసు మొదలైంది. ఇరవై రెండు కార్లు ఒక్కసారి దూకాయి. మనోడు ఎనిమిదో స్థానం నుంచి మొదలెట్టి మొదటి మలుపులోనే ఇద్దర్ని దాటేశాడు. "ఓరి నా తండ్రీ!" అని తిరుపతిరావు మంచం మీద గుద్దాడు. పదో రౌండుకి ఐదు, ఇరవయ్యో రౌండుకి మూడు! మూడో స్థానం! ఆఖరి ఏడాదిలో, మొదటి రేసులో! కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి తుడుచుకోలేదు.

అప్పుడే పట్టేశాడు వానని. ఇంగ్లీషులో వ్యాఖ్యానం వాగుతున్న ఇద్దరూ ఇంకా ఎండ గురించే చెబుతున్నారు. కానీ తెర మీద మూలనున్న జెండాలు ఇంతకుముందు ఎడమకి ఎగిరేవి, ఇప్పుడు కుడికి తిరిగి బిగుసుకున్నాయి. ట్రాకు పక్క చెరువు మీది తెల్లపిట్టలు లేచి లోపలికి పోతున్నాయి. చెట్ల ఆకులు తిరగబడి అడుగు తెలుపు కనిపిస్తోంది. ఉప్పు పండించేవాడికి ఇంతకన్నా గుర్తులేం కావాలి?

"వానరా! పావుగంటలో వాన! టైర్లు మార్సండిరా, గీతలున్న టైర్లు ఎయ్యండి!"

అంత దూరంలో ఉన్న టీముకి నౌపడ నుంచి ఎలా వినపడుతుంది? వాళ్ళు మనోణ్ణి టైర్లు మార్చడానికి లోపలికి పిలవలేదు. ముందున్న రెండు కార్లనీ వాళ్ళ టీములు పిలిచాయి. మనోడు నున్నటి టైర్లతోనే సాగిపోయాడు. తిరుపతిరావు ఫోన్ని రెండు చేతులా పట్టుకుని బతిమాలాడు, తిట్టాడు, దండం పెట్టాడు.

సరిగ్గా అప్పుడు బొమ్మ మీద వసంత పేరు వచ్చి పడింది. ఫోన్. "అబ్బా, ఇప్పుడేటే!" అని కట్ చేసేశాడు. బొమ్మ తిరిగొచ్చేసరికి మొదటి చినుకులు ట్రాకు మీద. మళ్ళీ వసంత. మళ్ళీ కట్ చేసేశాడు. రెండు రౌండ్లు, రెండే రెండు రౌండ్లు చూసి తనే చేద్దామనుకున్నాడు. మూడోసారి మోగినప్పుడు కట్ చేసిన వేలు అతని మాట కూడా వినలేదు.

తరువాతి మలుపులో మనోడి కారు గిరగిరా తిరిగి, గడ్డి మీద జారి, గులకరాళ్ళలో కూరుకుపోయింది. చక్రాలు తిరుగుతున్నాయి, కారు కదలడం లేదు. వాన పెద్దదైంది. మనోడు హెల్మెట్ తీసి, గోడ పక్కన చతికిలబడ్డాడు.

తిరుపతిరావు ఆ వాన చప్పుడు భరించలేక ఇయర్‌ఫోన్లు పీకేశాడు.

చప్పుడు ఆగలేదు.

ఒక్క క్షణం అర్థం కాలేదు. తలెత్తి రేకుల వైపు చూశాడు. తలుపు తీసేసరికి ఎదర మళ్ళే కనపడలేదు, అంత జోరు. "ఓలమ్మో!" అని ఒక్క పరుగు తీశాడు. తాటాకులు ఒక్కొక్కటీ ఈడ్చుకొచ్చి కుప్ప మీద పడేస్తుంటే గాలి ఒక్కొక్కటీ లాక్కుపోతోంది. ఒకడు పట్టుకుంటే ఒకడు కట్టాలి. ఒక్కడే ఏం చేస్తాడు? కడుపుతో కుప్ప మీద పడుకుని చేతులు చాపాడు. ఒంటి కింద ఉప్పు మెత్తబడుతోంది. కొత్త మట్టి నాని గట్టు ఒక పక్క నుంచి జారడం మొదలైంది.

వసంత వచ్చేసరికి ఇంకా పడుతూనే ఉంది. తడిసిన సంచుల కట్ట నెత్తి మీదే ఉంచుకుని నిలబడింది. తరువాత కట్ట విసిరేసి వచ్చి తాటాకు రెండో కొస పట్టుకుంది. వాళ్ళ కళ్ళ ముందే గట్టు తెగింది. సగం కుప్ప అడ్డంగా విరిగి, బురదతో కలిసి మడిలోకి పోయింది. మిగిలిన సగం కూడా మట్టి రంగే.

గంటన్నరకి తెరిపిచ్చింది. వసంత వంగి పిడికెడు తీసి చూసింది. ఇసక, బురద, కాస్త ఉప్పు.

"మూడుసార్లు సేసేను. టెక్కలిలో ఆటో ఎక్కినప్పుడే మబ్బు కనపడింది."

తిరుపతిరావు తల దించుకున్నాడు. "అక్కడ వాన వచ్చేలా ఉందే. మనోడు టైర్లు మారుత్తాడో నేదోనని సూత్తన్నాను."

"అక్కడ వాన వత్తాదని నీకు ముందే తెలిసిందా?"

"పావుగంట ముందు తెలిసింది. వోళ్ళకన్నా ముందు నాకే తెలిసింది."

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ దాని బరువు తెలియలేదు అతనికి. వసంత అతని వైపు చూసింది. కోపం ఉంటే బాగుండును, తిట్టినా కొట్టినా బాగుండును. ఆ చూపులో అలసట తప్ప ఏమీ లేదు.

కబురు అప్పటికే చేరిపోయింది. సోమేశ్వరరావు ఫోన్ చేశాడు. వసంతే ఎత్తింది.

"అవునండీ... పోయిందండీ. తొలి కుప్ప కదండీ, మా ఆచారం పెకారం కప్పనేదు. నానే వద్దన్నాను. తప్పు నాదేనండీ." ఆమె చాలాసేపు విన్నది. "మూడు తరాలండీ... సరేనండీ. సరే."

ఫోన్ కొంగుతో తుడిచి బొడ్లో దోపుకుంది. తెగిన గట్టు దగ్గరకి వెళ్ళి తాత వేసిన సరిహద్దు రాయి పక్కన కూచుంది.

"ఏటన్నాడు?"

"రేపు పొద్దున్న కొత్తోళ్ళు వత్తారట. మళ్ళు ఖాళీగా ఉంచమన్నాడు."

"నాను మాట్టాడతాను వసంతా. ఇప్పుడే ఎల్లి కాళ్ళు పట్టుకుంటాను. తప్పు నాదని సెప్తాను."

"ఏటని సెప్తావు?" అంది వసంత.

ఆస్ట్రేలియాలో వాన చూస్తూ ఇంటి ముందు వాన చూడలేదని తిరుపతిరావు ఆసామి గుమ్మంలో నిలబడి చెప్పాలి. వసంత లేచి, తడిసిన గోనె సంచులు ఒక్కొక్కటే పిండి ఆరెయ్యడం మొదలెట్టింది.